నరసింగరావు గారి హరిత సోఫా

పైడి నరసింగరావు గారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మరీ గొప్పవాడు. కాస్త తక్కువ గొప్పవాడై ఉంటే నేను ఈపాటికి నా కొట్లో స్టూలు మీద కూర్చుని మేకులు కొట్టుకుంటూ ఉండేవాణ్ణి. గొప్పవాళ్ళు పుట్టడం జిల్లాకి మంచిదే. వాళ్ళు వెళ్ళే దారిలో మన కొట్టు ఉండటమే అంత మంచిది కాదు.

ఆయన రాష్ట్ర హరిత గృహోపకరణాల అభివృద్ధి మండలికి చైర్మన్. ఈ మండలి పనేమిటని ప్రమాణ స్వీకారం రోజున విలేకరులు అడిగారట. "ముందు చైర్మన్‌ని వేశారు. పని తరవాత వేస్తారు" అన్నారట ఆయన. ఇంత నిజాయితీ గల జవాబు నేను రాజకీయాల్లో మళ్ళీ వినలేదు.

రెండు వేల పదహారు వేసవిలో ఆ పని దొరికింది. చీపురుపల్లి సభలో ఆయన మైకు పట్టుకుని చారిత్రక ప్రకటన చేశారు.

"నేటి నుంచి మన రెండు జిల్లాల ప్రభుత్వ కార్యాలయాల్లో ఫోమ్ అన్న మాట వినపడకూడదు! ఫోమ్ దేనితో తయారవుతుంది? పెట్రోలుతో! అంటే మన అధికారులు ఇన్నాళ్ళూ పెట్రోలు మీద కూర్చుని ఫైళ్ళు చూస్తున్నారు! ఒక్క అగ్గిపుల్ల చాలు!"

నా పక్కన బీడీ వెలిగించబోతున్న కానిస్టేబులు భయపడి అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. సభకు వచ్చిన వాళ్ళమంతా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టాం.

ఇకమీదట ఆఫీసుల్లో, గెస్టు హౌసుల్లో నార, పీచు, దూది కూరిన హరిత సోఫాలే ఉంటాయనీ, మొదటి విడత మన ప్రాంతపు పనివాడి చేతే చేయిస్తామనీ చైర్మన్ గారు చెప్పారు. ఆ పనివాడు నేనే కావడం జిల్లా చరిత్రలో ఒక పేజీ. నా చరిత్రలో అదే ఆఖరి పేజీ.

నా పేరు సింహాచలం. గరివిడి పోయే రోడ్డు పక్కన శ్రీ పైడితల్లి సోఫా వర్క్స్ నాది. ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు "ఒక చోట కూర్చునే రాత నీకు లేదురా" అని దీవించి బయటికి పంపారు. అప్పటి నుంచీ ఇతరుల్ని కూర్చోబెట్టే పనిలోనే ఉన్నాను. మా నాన్న జూట్ మిల్లులో బస్తాలు మోసి ఆ రోడ్డు పక్క జాగా కొన్నాడు. పగలు మిల్లులో పనిచేసి, సాయంత్రాలు ఆ జాగాలో పాక వేసుకుని కొబ్బరి పీచూ బూరుగు దూదీ కూరి కుర్చీలు కట్టేవాడు. నా కాలానికి పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది. పీచు పోయి ఫోమ్ వచ్చింది. ఆ తరవాత టౌన్లో ఏసీ షోరూములు వచ్చి, నా దగ్గరికి కాలు విరిగిన సోఫాలు మాత్రమే వస్తున్నాయి. "కొట్టు నిన్ను నడపకపోయినా జాగా నడుపుతాది. దాన్నొదలకు" అని నాన్న చెప్పి పోయాడు. నాకు చదువు లేదు, బ్యాంకులో ఏమీ లేదు. ఉన్నదల్లా ఆ జాగా.

ప్రకటన అయిన వారానికి చైర్మన్ గారి కారు నా షెడ్డు ముందు ఆగింది. వెంట మండలి అధికారిణి అనూరాధ మేడమ్. చైర్మన్ గారు నేరుగా వచ్చి అమ్మకానికి పెట్టిన సోఫాలో కూర్చున్నారు.

"బాగున్నాదిరా. దీన్లో ఏటి కూరినావు?"

"ఫోమ్ బాబూ."

తేలు కుట్టినట్టు లేచారు. సిద్ధాంతం ఉన్న మనిషి.

"నార్తో సెయ్యగలవా?"

"మా నాన్న సేసీవోడు బాబూ."

"అదీ! సంప్రదాయం! రాసుకోండి మేడమ్."

మేడమ్ 'మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్' అని రాసుకున్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు గానీ, మర్నాడే పెయింటర్ని పిలిచి షెడ్డు మీద 'హరిత మాస్టర్ సింహాచలం' అని రాయించాను. మా ఇంటిది కూర్మమ్మ కింద నిలబడి చూసింది.

"మావా, నీకు మాస్టరేటి? నిన్ను బడి నుంచి తరిమిన మాస్టారు ఈ రోడ్డునే పాలకి ఎల్తాడు. సూసి నవ్వి సచ్చిపోతాడు."

ఆడవాళ్ళకు కళల గురించి ఏం తెలుస్తుంది?

పన్నెండు సోఫాలకు ఆర్డరు వచ్చింది. షరతులు కూడా వచ్చాయి. ఫోమ్ వాడరాదు, రెగ్జిన్ వాడరాదు, పైన గోనె గుడ్డే వేయాలి. లోపల కూరే నార మండలి సరఫరా చేసినదే అయి ఉండాలి. మండలికి నార సరఫరా చేసేది ఉమాశంకర్ గారు. ఆయన చైర్మన్ గారి బావమరిది. మొన్నటిదాకా కొండలు పగలగొట్టి కంకర అమ్మారు. ప్రకృతిని అంత దగ్గర నుంచి చూసినవాడు కాబట్టి ప్రకృతి సేవలోకి రావడం సులువైంది.

లారీ వచ్చింది. గోగునార. గోగు అంటే మనం పులుసు పెట్టుకునే గోంగూరే. ఆకు కూరలోకి, కాడ నారలోకి. నార కోసం వేసినవాళ్ళు కాయ ముదరకముందే కోసేస్తారు. ఈ లారీలో వచ్చింది విత్తనానికి వదిలేసిన చేను. నారతో పాటు ఎండు కాయలు, కాయల నిండా గింజలు.

కూర్మమ్మ ఒక కట్ట విప్పి దులిపింది. గింజలు జలజల రాలాయి.

"ఇది నారేటి మావా, విత్తనాల బస్తాలాగున్నాది! ఇది కుక్కితే ఎలకలొస్తాయి."

ఉమాశంకర్ గారితో ఆ మాటే చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"గింజ సహజమా, కాదా?"

"సహజమే బాబూ."

"ఆర్డర్లో ఏటుంది? నార సహజ స్థితిలో వాడాలి. నువ్వు గింజ ఏరేస్తే ఏటవుతాది?"

"ఏటవుతాది?"

"ప్రాసెసింగ్ అయిపోతాది! కంపెనీవాడికీ నీకూ తేడా ఏటి మరి?"

నాకూ కంపెనీవాడికీ తేడా ఉందని ఒక పెద్దమనిషి నోటి వెంట వినడం అదే మొదలు. గింజలు తిరిగి ఎత్తి నారలో పోశాను.

ప్రారంభోత్సవానికి నాలుగు రోజులే టైము ఇచ్చారు. నార పొడిగా ఉంటే తెగుతుంది, చిక్కు వీడదు. ముందు నీళ్ళు చల్లి, విడదీసి, రెండు రోజులు ఎండలో ఆరేసి, అప్పుడు కూరాలి. కానీ తొలకరి పట్టింది. గరివిడి వైపు నుంచి నల్లటి మబ్బు వచ్చి మా షెడ్డు మీదే గుడారం వేసుకుంది. తడి నార కుక్కకూడదని సోఫా కట్టే సింహాచలానికి తెలుసు. హరిత మాస్టర్‌కి తెలియదు. ఆ నాలుగు రోజులూ కొట్టు నడిపింది ఆయనే.

పన్నెండు సోఫాలూ తయారయ్యాయి. అలవాటు ప్రకారం వాటికి దళసరి పాలిథిన్ కవర్లు తొడిగి, చుట్టూ టేపు వేశాను. మన వైపు సోఫా కొన్నవాడు కవరు తీయడు. పెళ్ళికి కొన్న సోఫా పిల్లల పెళ్ళిళ్ళ దాకా కవర్లోనే ఉంటుంది. చుట్టాలు వేసవిలో కూర్చుని లేచేటప్పుడు తొడలు చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడే ఇంటివాళ్ళకి హోదా.

తనిఖీకి వచ్చిన అనూరాధ మేడమ్ నిలబడిపోయారు.

"సింహాచలం గారూ, పర్యావరణ హిత సోఫాకి ప్లాస్టిక్ కవరా?"

"మాసిపోతాయి మేడమ్."

"కానీ దీని ఉద్దేశమే..."

ఆవిడ చైర్మన్ గారికి ఫోన్ చేశారు. స్పీకర్లోంచి ఆయన గొంతు మా ఇద్దరికీ వినిపించింది.

"కవరు లేకపోతే కొత్త సోఫా అని ఎలా తెలుస్తాదమ్మా? సభలో నా సేత్తో నేనే తీస్తాను. అందాకా ఎవలూ ముట్టుకోడానికి లేదు."

ఎవరూ ముట్టుకోలేదు. ప్రారంభోత్సవం మాత్రం జరగలేదు. ముందు ఆషాఢమని ఆగింది. తరవాత మంత్రిగారికి తీరిక లేక ఆగింది. తరవాత తీరిక దొరికింది గానీ చైర్మన్ గారికి పడిశం పట్టింది. బయట రోజూ వాన. లోపల కవర్లకి ఆవిరి పట్టి సోఫాలే కనపడటం లేదు.

"కవర్ల లోన సెమ్మ పడతన్నాది మావా. విప్పి ఆరబెట్టు" అంది కూర్మమ్మ.

"అది సెమ్మ కాదే. మెరుపు" అన్నాను.

శ్రావణంలో మంచి రోజు కుదిరింది. మంత్రిగారు రాలేదు గానీ ఆయన ఫ్లెక్సీ వచ్చింది. నా షెడ్డు ముందే టెంటు, డప్పులు, సోఫా చుట్టూ రిబ్బను. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, టేపు పీకి, కవరు ఒక్క లాగు లాగారు.

లోపలి నుంచి వేడి ఆవిరి లేచి ఆయన కళ్ళద్దాలు కప్పేసింది. తుడుచుకుని చూశారు. మేమూ చూశాం.

సోఫా నిండా గోంగూర మొలిచి ఉంది. గోనె గుడ్డ కన్నాల్లోంచి తలలు పైకెత్తి, జానెడు పొడుగున, లేతగా, ఒత్తుగా. చేతులు పెట్టుకునే చోట కూడా.

డప్పులు ఆగిపోయాయి. జనంలో ముందుగా తేరుకున్నది ఒక మేక. అది సోఫా వైపు రెండడుగులు వేసేసరికి ఎవరో కొమ్ము పట్టుకుని ఆపారు. నేను జైలుకి ఏ చొక్కా వేసుకుని వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను.

గొప్పవాడికీ మనకీ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది. చైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"చూశారా! ఫోమ్ సోఫా పాతబడితే ఏం పుడుతుంది? నల్లి! హరిత సోఫా కొత్తగా ఉండగానే ఏం పుట్టింది? ప్రాణం! ఇది కుర్చీ కాదు, పంట పొలం!"

అంత పెద్ద చప్పట్లు నేనెన్నడూ వినలేదు. నాకు శాలువా కప్పారు. మిగతా పదకొండు కవర్లూ విప్పారు. పదకొండింటిలోనూ ప్రాణమే. ఎక్కడ కూర్చోవాలని ఒక పెద్దాయన అడిగితే ఉమాశంకర్ గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి బల్ల చూపించారు.

మర్నాడు పేపర్లో 'ఊపిరి పీల్చే సోఫా' అని వార్త వచ్చింది. ఫొటోలో చైర్మన్ గారు, గోంగూర, నా మోచెయ్యి. ఆ మోచెయ్యిని కత్తిరించి ఫ్రేము కట్టించాను.

రెండు రోజుల తరవాత అనూరాధ మేడమ్ ఫోను పట్టుకుని వచ్చారు. జిల్లాలో మొక్కలు నాటే టార్గెట్ ఒకటి ఉందనీ, అది ఎంతకీ పూర్తి కావడం లేదనీ, మా సోఫాల మీది మొక్కల్ని అందులో కలపమని పైనుంచి చెప్పారనీ అన్నారు. ఒక్కో సోఫాని ఫొటో తీస్తే, అది భూమ్మీద ఏ చోట ఉందో ఫోనే కంప్యూటర్‌కి చెప్పేస్తుందట.

"ఇవి చెట్లు కాదు కదా మేడమ్, గోంగూర" అన్నాను.

"కంప్యూటర్లో గోంగూరకి గడి లేదు సింహాచలం గారూ. మొక్క అనే ఉంది." ఆవిడ నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నారు. "ఇక వీటిని కదపకండి. కదిపితే మ్యాపు తప్పవుతుంది."

మొక్కలకి ఎండ తగలాలని తరవాత ఇంకో ఆర్డరు వచ్చింది. మనుషులు వచ్చి నా షెడ్డు రేకులు విప్పారు. నిచ్చెన జారకుండా పట్టుకున్నది నేనే. రిపేరుకి వచ్చిన సోఫాలు తడిసిపోతే వాటి యజమానులు నన్ను తిట్టి, బళ్ళ మీద వేసుకుని తీసుకెళ్ళారు. పని ఆగిపోయింది. పేరు మాత్రం పెరుగుతోంది. పక్క ఊళ్ళ నుంచి బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపించారు. పైకప్పు లేని కొట్లో, గొడుగు కింద నిలబడి, ప్రకృతితో మమేకం అవడమెలాగో నేను వాళ్ళకి వివరించాను.

ఒక పూట కూర్మమ్మ రెండు సోఫాల ఆకు కోసి ఎండు రొయ్యలు వేసి పులుసు పెట్టింది. అదే పూట మేడమ్ తనిఖీకి వచ్చారు.

"ఫొటోలో ఉన్న మొక్కలు ఇక్కడ లేవు. ఏమయ్యాయి?"

"కుండలో ఉన్నాయమ్మా" అంది కూర్మమ్మ. "అన్నం తిన్నావేటి? మొగం సూస్తే తిననట్టున్నావు. రా, కూకో."

మేడమ్ నేల మీద కూర్చుని తిన్నారు, సోఫాల మీద చోటు లేదు కాబట్టి. చెయ్యి కడుక్కుని రిపోర్టులో 'పశువుల వలన నష్టం' అని రాశారు. మంచి మనిషి. నన్ను కాపాడాలనే రాశారు.

పశువుల వల్ల నష్టం జరుగుతోంది కాబట్టి పశువులు రాకుండా కంచె వేశారు. నా జాగా చుట్టూ ముళ్ళ తీగ, ముందు గేటు, గేటుకి తాళం. తాళంచెవి ఉమాశంకర్ గారి దగ్గర. నా సుత్తి లోపల ఉండిపోయింది. అది తెచ్చుకుంటానని అడిగితే అర్జీ పెట్టుకోమన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. చైర్మన్ గారి ఇంటికి వెళ్ళాను. దారంతా ఏమేం అడగాలో అనుకుంటూనే వెళ్ళాను.

"బాబూ, కొట్టు మూసేసినారు. రేకులు పీకేసినారు. నాను బతికీదెలాగ?"

"వచ్చినావేటి సింహాచలం! నీకోసమే కబురెట్టబోతన్నాను. వచ్చే ఆదివారం నీకు సన్మానం. గజమాల ఎయ్యాలా, గుర్రబ్బండి పెట్టాలా అని ఆలోచిస్తన్నాం. నువ్వే సెప్పు."

"గుర్రబ్బండి" అన్నాను.

ఎందుకు వచ్చానో ఇంటికి చేరాక గుర్తొచ్చింది.

ఆ ఆదివారమే అమ్మవారి పండగ, సన్మానం ఆ పందిట్లోనే పెట్టారు. మా వైపు పండగల్లో ఒక ఆచారం ఉంది. చందా ఎంతో మనం చెప్పనక్కర్లేదు. మైకులో మనిషే మన పేరూ మన మొత్తమూ చదివేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. మనం లేచి దండం పెడతాం. ఆ దండమే రసీదు. మర్నాడు పొద్దున్న ఆ మొత్తం కోసం వెతుక్కుంటాం. మైకులో పేరు వచ్చాక కాదన్న మగాడు మా రెండు జిల్లాల్లో లేడు.

గుర్రబ్బండి మీద తీసుకొచ్చి నన్ను వేదిక ఎక్కించారు. చైర్మన్ గారు మాట్లాడారు.

"ఈ సింహాచలం చదువుకోలేదు. కానీ చదువుకున్నవాళ్ళు చేయలేనిది చేశాడు. సోఫాలో ప్రాణం పోశాడు! ఆ వనం మన బిడ్డలకి శాశ్వతంగా ఉండాలని, తన తండ్రి చెమటోడ్చి కొన్న ఆ జాగాని, ఈ అమ్మవారి సన్నిధిలో, ప్రజలకి..."

ఆగారు. జనమంతా ఊపిరి బిగబట్టారు. నేను కూడా. ఎవరి జాగా గురించో చెబుతున్నారనే అనుకున్నాను.

"...సమర్పిస్తున్నాడు!"

బ్యాండు మోగింది. చప్పట్లు వాన పడ్డట్టు పడ్డాయి. మెడలో గజమాల కూడా పడింది. ఆడవాళ్ళ వైపు నుంచి కూర్మమ్మ లేచి చేతులూపుతూ అరుస్తోంది.

"కాదని సెప్పు మావా! మైకు లాక్కుని కాదని సెప్పు!"

జై కొడుతోందనుకుని చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా లేచి జై కొట్టారు. నా చేతులు రెండూ వాటంతట అవే పైకి లేచాయి. దండం పెట్టేశాను. మూడు వైపులకీ తిరిగి మరీ పెట్టాను.

ఇంటికి వచ్చాక కూర్మమ్మ ఖాళీ కుండ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒక్క మాట సెప్పలేకపోయినావు కదా."

"అంతమంది సప్పట్లు కొడతన్నారే. మధ్యలో ఎలాగ సెప్తాం?"

"మరి ఆ సప్పట్లు ఇంటికి తెచ్చినావేటి? ఎసరు పెడతాను."

మర్నాడు చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి గుర్రాల మాట ఎత్తనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

"బాబూ, నా జాగా నానివ్వలేదు."

"మరి దండం ఎందుకు పెట్టినావు?"

"జనం సప్పట్లు కొట్టినారు బాబూ."

"జనం ఎందుకు కొట్టినారు?"

"నానిచ్చినానని."

"సూసినావా! ఊరందరికీ తెలిసింది, నీకే తెలీలేదు." ఆయన నిజంగానే బాధపడ్డారు. "అమ్మోరి పందిట్లో ఇచ్చింది ఎనక్కి అడగొచ్చేటి సింహాచలం? కళ్ళు పోతాయి. నీ మంచి కోరి సెప్తన్నాను."

 ఆయన లా చదువుతూ మధ్యలో మానేశారట. పూర్తి చేసి ఉంటే మేముంటున్న ఇల్లు కూడా పోయేది. జాగాని మండలి పేర రాయించడానికి రిజిస్ట్రారు ఆఫీసుకి ఆయన కారులోనే తీసుకెళ్ళారు. దారిలో కనిపించిన ప్రతివాడూ చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. అన్ని నమస్కారాల మధ్య నుంచి వెళ్ళినవాడు సంతకం పెట్టకుండా ఎలా తిరిగి వస్తాడు? పెట్టాను. అక్కడ కూడా ఒక దండ వేశారు.

గోగు ఒక్క పంటకాలమే బతుకుతుంది. సంక్రాంతి రాకముందే మొక్కలు ఎండిపోయాయి. గోనె చివికి, చెక్క కుళ్ళి, పన్నెండు సోఫాలూ మోకాళ్ళ మీద కూలబడ్డాయి. అనూరాధ మేడమ్‌కి అప్పటికే బదిలీ అయింది. కంప్యూటర్లో మాత్రం వనం ఇప్పటికీ పచ్చగా ఉందని చెబుతారు. నేలమీద ఖాళీగా ఉంది కాబట్టి, ఆ ఖాళీ జాగాని స్థానిక గృహోపకరణాల అభివృద్ధి కోసం తొంభై తొమ్మిదేళ్ళ లీజుకి ఇవ్వాలని మండలి తీర్మానించింది. లీజు ఉమాశంకర్ గారికి వచ్చింది.

అద్దాల మేడ లేచింది. 'అరుణశ్రీ ఫోమ్ వరల్డ్' అని బోర్డు పెట్టారు. అరుణశ్రీ అంటే చైర్మన్ గారి అమ్మాయి. ప్రారంభోత్సవానికి నాకూ కార్డు వచ్చింది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కార్డులో నా పేరు ముందు 'శ్రీ' ఉంది. వెళ్ళాను.

చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, మనిషి వెన్నెముకకి ఫోమ్‌ని మించిన స్నేహితుడు లేడని చెప్పారు. చప్పట్లు కొట్టాం. తరవాత ఆయన జనంలోంచి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మొదటి సోఫాలో మొదటగా కూర్చోబెట్టారు.

"ఎలాగున్నాదిరా?"

"మెత్తగా ఉన్నాది బాబూ."

నిజంగానే మెత్తగా ఉంది. లోపల ఏసీ. ఎవరో కూల్ డ్రింకు తెచ్చి ఇచ్చారు. ఫొటోలవాడు వచ్చి ఈసారి నా మొహం తీశాడు. నేను కూర్చున్న చోటు మా నాన్న పాక వాకిలి. అక్కడి నుంచి అద్దంలోంచి రోడ్డు బాగా కనిపిస్తుంది. ఎవరైనా లేవమంటారేమోనని కాసేపు చూశాను. ఎవరూ అనలేదు. నేనే లేచాను. ఆ జాగా ఏడున్నర సెంట్లు. రోడ్డు వైపు ముప్పై మూడు అడుగులు, లోపలికి తొంభై తొమ్మిది.